చిత్తకార్తె దాటాక వచ్చిన వర్క్ ఆర్డర్

బకెట్ మూత తీయగానే ఫార్మలిన్ ఘాటు కళ్ళకు కొట్టింది. బయటికొచ్చి రెండు నిమిషాలు వేపచెట్టు కింద నిలబడి మళ్ళీ లోపలికి వెళ్ళాను. మునిసిపాలిటీ పాత కంపోస్టు యార్డు పక్కన ఉన్న రేకుల షెడ్డు అది. నేల మీద నీలం టార్పాలిన్ పరిచారు. పక్కన నాలుగు బకెట్లు. ప్లాస్టిక్ కుర్చీలో, రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని శానిటరీ ఇన్‌స్పెక్టర్ గారు. మునిసిపాలిటీ కాంట్రాక్టు ఇచ్చిన ఏజెన్సీ ఆ నెలలో ఎన్ని వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసిందో ఆ రోజు తేల్చాలి. మేం సంతకాలు పెడితేనే వాళ్ళకు బిల్లు.

ఈ లెక్క ఎలా ఉంటుందో చాలామందికి తెలియదు. ఆపరేషన్‌లో తీసిన అవయవాలను 10 శాతం ఫార్మలిన్‌లో దాచి ఉంచుతారు. మగకుక్కయితే రెండు వృషణాలు. ఆడకుక్కయితే గర్భసంచి, దాని రెండు కొమ్ముల చివర చెరో అండాశయం. గ్లౌజులు వేసుకుని వాటిని ఒక్కొక్కటిగా బయటికి తీసి, లెక్కపెట్టి, రిజిస్టరుతో సరిచూసుకుని, తర్వాత మా కళ్ళ ముందే కాల్పించాలి. ఆ రోజు రిజిస్టరులో 212 కుక్కలున్నాయి. మధ్యాహ్నం రెండు దాటేసరికి తొమ్మిది తక్కువ తేలాయి. కొన్ని గర్భసంచులు మధ్యకు కోసి రెండుగా ఉన్నాయి. ఇంకొన్నిటికి ఒకవైపు అండాశయం ఉంది, రెండోవైపు లేదు.

నాకు ఆ రెండోదే ఎక్కువ భయం కలిగించింది. ముక్కలు చేసి ఎక్కువ లెక్క చూపిస్తే పోయేది డబ్బు. అండాశయం కుక్క కడుపులోనే ఉండిపోతే ఆ కుక్క మళ్ళీ ఎదకు వస్తుంది, దాని వెనక మగకుక్కల గుంపు మళ్ళీ తిరుగుతుంది. ఆపరేషన్ అయినట్టు గుర్తుగా చెవి కొస కోసి ఉంటుంది కాబట్టి దాన్ని ఇంకెవరూ పట్టరు. నేను సంతకం పెట్టలేదు.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా ప్రభుత్వ పశువైద్యురాలిగా పనిచేసి, 2025 జూన్‌లో రిటైరయ్యాను. చివరి కొన్నేళ్ళు గోదావరి డెల్టాలో ఒక పట్టణంలో ఏరియా పశువైద్యశాలలో ఉన్నాను. ఊరి పేరు, సంస్థల పేర్లు రాయడం లేదు. అక్కడ వీధికుక్కల పనిని బయటి సంస్థకు అప్పగించిన వ్యవహారాన్ని మొదటి టెండరు నుంచి రెండో టెండరు దాకా దగ్గరుండి చూశాను. కుక్కల సంగతి వచ్చినప్పుడల్లా ఉంచాలా, తీసేయాలా అన్న దగ్గరే మన మాటలు ఆగిపోతున్నాయి. ఆ పని చేసేవాళ్ళకు మునిసిపాలిటీ ఏ లెక్కన డబ్బిస్తోంది, ఏ నెలలో ఇస్తోంది అని అడిగినవాళ్ళు నాకు కనిపించలేదు. మీ ఊళ్ళో ఎవరైనా అడగడానికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ పనికి టెండర్లు లేవు. తెల్లవారుజామున మునిసిపాలిటీ మనుషులు మాంసం ముద్దల్లో విషం పెట్టి విసిరేవాళ్ళు. ఎనిమిదింటికి నేను ఆసుపత్రికి వెళ్తుంటే చెత్తబండిలో బిగుసుకుపోయిన కళేబరాలు కనిపించేవి. స్ట్రిక్నిన్ తిన్న కుక్క ఎలా చస్తుందో ఒకసారి చూసినవాళ్ళు మర్చిపోలేరు. అన్ని కుక్కల్ని చంపినా ఏడాది తిరిగేసరికి ఆ వీధుల్లో అన్నే ఉండేవి. తిండి ఉన్నచోట ఖాళీ ఏర్పడితే పక్క వీధి కుక్కలు వచ్చి చేరతాయి, మిగిలినవి ఈనుతాయి. 2001లో కేంద్రం జంతు జనన నియంత్రణ నియమాలు తెచ్చింది. పట్టాలి, ఆపరేషన్ చేయాలి, రేబిస్ టీకా వేయాలి, పట్టినచోటే వదలాలి అని అవి చెప్పాయి. 2023 మార్చి 10న వాటి స్థానంలో కొత్త నియమాలు వచ్చాయి. కుక్కల పని చేసే సంస్థకు జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు ఉండాలి, ఏ ఊళ్ళో పని చేస్తుందో ఆ ప్రాజెక్టుకు కూడా విడిగా గుర్తింపు ఉండాలి. కమిషనర్ అధ్యక్షతన ఒక పర్యవేక్షణ కమిటీ ఉండాలి. స్థానిక పశువైద్యుల హోదాలో నేను ఆ కమిటీలోకి వచ్చాను.

మా మునిసిపాలిటీ ఈ పనిని బయటికి ఇవ్వడం తప్పని నేను అనను. పెద్ద కార్పొరేషన్లకు సొంత పశువైద్యులు, సొంత కేంద్రాలు ఉంటాయి. మా ఊరికి ఆపరేషన్ థియేటర్ లేదు, కుక్కల బండి లేదు, వల విసరడం తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. నా ఆసుపత్రిలో గేదెలు, గొర్రెలు, టీకాల పనే నాకు తెమిలేది కాదు. ఎవరో ఒకరికి అప్పగించక తప్పదు. తేడా అంతా ఏ షరతుల మీద అప్పగించామన్న దాంట్లో ఉంది.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబు మీద వీధికుక్కలు పడిన వీడియో అందరూ చూశారు. ఆ బాబు బతకలేదు. మా ఊళ్ళో తల్లులు పిల్లల్ని స్కూలుకు చేయి పట్టుకుని దింపడం మొదలుపెట్టారు. ఏప్రిల్ కౌన్సిల్ సమావేశంలో తీర్మానం చేశారు. ఎస్టిమేట్ తయారయ్యేసరికి జూన్. ఈలోగా కమిషనర్ గారికి బదిలీ అయింది. కొత్తాయన ఫైలు చూసేసరికి ఆగస్టు. మొదటి పిలుపులో ఒక్కటే టెండరు పడిందని మళ్ళీ పిలిచారు. టెక్నికల్ బిడ్ చూడమని నన్ను పిలిచినప్పుడు ప్రాజెక్టు గుర్తింపు పత్రం, డాక్టరుకు కనీసం 2,000 ఆపరేషన్ల అనుభవం, కెన్నెళ్ళ (కుక్కల్ని ఉంచే గూళ్ళ) సంఖ్య, సీసీ కెమెరాలు ఇవన్నీ చూసి రాసిచ్చాను. ప్రైస్ బిడ్ మా చేతిలో ఉండదు. అందరికంటే తక్కువ వేసినవారికే పని. కుక్కను పట్టే బండికి డీజిల్, మత్తుమందు, కుట్ల దారం, యాంటీబయాటిక్, రేబిస్ టీకా, నాలుగైదు రోజుల తిండి, కెన్నెల్ కడిగే మనిషి కూలి, తిరిగి దింపడం, ఇవన్నీ ఆ ఒక్క కుక్క ధరలోనే రావాలి. వచ్చిన ధర చూస్తే నాకు లెక్క కుదరలేదు. "వీళ్ళు ఎక్కడ తగ్గిస్తారండీ?" అని అడిగాను. "రేటు తక్కువకు వచ్చింది కదా మేడమ్, ఆడిట్‌కు ఇబ్బంది లేదు" అన్నారు అకౌంట్స్ వారు.

వర్క్ ఆర్డర్ మీద తేదీ నవంబరు మొదటి వారం.

మన పెద్దవాళ్ళకు చిత్తకార్తె అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. తిట్టుగా కూడా వాడతాం. అక్టోబరు రెండు, మూడు వారాల్లో వచ్చే ఆ కార్తెలో కుక్కలు గుంపులు గుంపులుగా జత కట్టి తిరుగుతాయి. కుక్క కడుపు మోసేది సుమారు 63 రోజులు. అందుకే సంక్రాంతికి ప్రతి వీధిలో కుక్కపిల్లలు కనిపిస్తాయి. వర్షాకాలంలోనే ఆడకుక్కలకు ఆపరేషన్లు అయిపోతే ఆ పిల్లలు పుట్టవు. మా కాంట్రాక్టు ఫైలు ఏప్రిల్‌లో బయలుదేరి, సరిగ్గా చిత్తకార్తె దాటాక గమ్యం చేరింది. నవంబరు నెలాఖరుకు పట్టిన ఆడకుక్కల్లో చాలావాటికి కడుపు. కడుపుతో ఉన్న కుక్కకు గర్భసంచి రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి, రక్తం ఎక్కువ పోతుంది, ఆపరేషన్‌కు రెట్టింపు సమయం పడుతుంది. ఏజెన్సీ డాక్టరు చిన్న కుర్రాడు, చేయి మంచిది. "మేడమ్, రోజుకు ఇన్ని చేయాలని మా వాళ్ళు టార్గెట్ పెట్టారు, ఇలాంటివి రెండొస్తే నా రోజు అయిపోతుంది" అన్నాడు. మగకుక్కకు పది, పదిహేను నిమిషాలు చాలు. డబ్బు మాత్రం రెంటికీ ఒకటే. నేను లెక్కపెట్టిన ఆ 212లో 149 మగవి కావడానికి కారణం అదే.

కుక్కలు పట్టే పద్ధతి చూడాలని ఒక రోజు తెల్లవారుజామున వాళ్ళ బండి వెనకే వెళ్ళాను. నలుగురు మనుషులు. అందరూ వేరే జిల్లావాళ్ళు. పెద్దాయనకు యాభై దాటి ఉంటాయి. వల విసిరితే గొడుగు విప్పినట్టు పరుచుకునేది. వాళ్ళలో ఇద్దరికి రేబిస్ ముందస్తు టీకా వేయించలేదని తెలిసి, ఆ రోజే గవర్నమెంటు ఆసుపత్రికి పంపించాను. ఇంత ప్రమాదమైన పని చేయించుకుంటూ ఆ సూది కూడా వేయించకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

బండి టీ కొట్ల దగ్గర ఆగింది. బిస్కెట్లు వేశారు. తోకలూపుకుంటూ వచ్చిన ఐదింటిని పట్టారు. అక్కడికి నూరు గజాల దూరంలో చేపల మార్కెట్ వెనక కాలవ ఉంది. దాని తూములో ఒక గోధుమరంగు ఆడకుక్క మమ్మల్నే చూస్తోంది. చెవి చెక్కుచెదరలేదు. "దాన్ని పట్టరా?" అని అడిగాను.

"అది మనిషిని నమ్మే కుక్క కాదమ్మా. దాని కోసం కాపు కాస్తే ఒక పూట పోద్ది. మాకు కుక్కకింత అని లెక్క. ఒక పూటలో ఒక కుక్క పడితే ఇంటికేం పంపాలి?"

ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మేం రాసుకున్న కాగితమే ఆయన్ని టీ కొట్టు దగ్గరికి పంపుతోంది. బిస్కెట్‌కు వచ్చే కుక్క మనుషుల మధ్య పెరిగిన సాధువైన కుక్క. తూములో దూరేది ఏటా రెండుసార్లు ఈని, పిల్లల దగ్గరికెవరైనా వస్తే కరిచే కుక్క. ధర ఒక్కటే అయినప్పుడు ఎవరైనా మొదటిదాన్నే పడతారు.

అదే నెలలో ఇడ్లీ బండి పెట్టుకునే ఒకావిడ ఆసుపత్రికి వచ్చింది. "డాక్టరమ్మగారూ, మా నల్లదాన్ని పట్టుకెళ్ళి పది రోజులైందండి. ఇంకా తేలేదండి. రాత్రిళ్ళు నా బండి కాసేదండి అది." రిజిస్టరు తెప్పించి చూస్తే ఆ రోజు పట్టిన కుక్కలన్నిటికీ ఎదురుగా 'మార్కెట్ ఏరియా' అని ఒకటే మాట రాసి ఉంది. దింపినచోటు గడిలోనూ అదే మాట. రెండు రోజులు వెతికించాం. బైపాస్ దగ్గర ధాబా వెనక దొరికింది. కుట్లు మానాయి కానీ అక్కడి కుక్కలు దాని వెనక కాలు చీల్చేశాయి. ఎక్కడ పట్టారో అక్కడే దింపాలన్న నియమం దయ కోసం మాత్రమే పెట్టింది కాదు. కొత్తచోట వదిలిన కుక్క కొట్లాడుతుంది, బెదిరిపోయి మనుషుల్ని కరుస్తుంది. అది ఖాళీ చేసిన వీధిలోకి టీకా లేని కొత్త కుక్క వస్తుంది. అప్పుడు మేం చేసిన మంచి పని ఒకటుంది. వార్డు సచివాలయాల్లో శానిటేషన్ సెక్రటరీలు ఉన్నారు కదా, వాళ్ళలో ఒకరు బండితో పాటు వెళ్ళాలని కమిషనర్ గారితో ఆర్డరు వేయించాం. ప్రతి కుక్కకు పట్టినచోట ఒక ఫోటో, దింపినచోట ఒక ఫోటో, దగ్గర్లోని ఇంటి డోర్ నంబరు. ఒక్క పైసా ఖర్చు లేదు. ఆ తర్వాత నేనున్నంత కాలం కుక్క తిరిగి రాలేదన్న ఫిర్యాదు మళ్ళీ రాలేదు.

తొమ్మిది తక్కువ తేలిన సంగతి కమిటీలో పెట్టినప్పుడు గది నిశ్శబ్దమైపోయింది. "212లో తొమ్మిదే కదా మేడమ్, బిల్లులో తగ్గిస్తే సరిపోదా?" అన్నారొకరు. ఏజెన్సీ వారు సహాయకుడి పొరపాటు అన్నారు. బిల్లులో తగ్గించారు. ఒక అండాశయం లేనివాటి చెవి నంబర్లు అడిగితే, బకెట్లో ఏది ఏ కుక్కదో గుర్తు లేదు. అన్నిటినీ కలిపే వేశారు. అప్పటినుంచి ప్రతి కుక్క అవయవాలు విడి కవరులో, నంబరు చీటీతో ఉండాలని పట్టుబట్టాను. నేను సంతకం పెట్టే రోజు రాత్రి నిద్ర పట్టేది కాదు. అంత టెన్షన్ నేను గేదెకు అడ్డం తిరిగిన దూడను తీసేటప్పుడు కూడా పడలేదు.

జనవరిలో, పండగ వెళ్ళిన వారానికి, చేపల మార్కెట్ పక్క వీధిలో ఆరేళ్ళ పిల్లవాడిని కుక్క కరిచింది. పారిశుద్ధ్య కార్మికురాలి కొడుకు. బంతి కాలవ గట్టు కిందికి దొర్లిపోతే తేవడానికి దిగాడు. తూము ముందు ఆ గోధుమరంగు కుక్క, దాని కింద కళ్ళు తెరవని ఐదు పిల్లలు. పిక్క పట్టేసింది. అమ్మమ్మ గాయానికి కారం, సున్నం కలిపి రాసింది. తర్వాత నాటువైద్యుడి దగ్గరికి బయలుదేరారు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ నాకు ఫోన్ చేయబట్టి దారిలో ఆపగలిగాను.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. కుక్క కరిచినా, గీరినా మొదట చేయాల్సింది పంపు కింద సబ్బుతో 15 నిమిషాలు కడగడం. కారం వద్దు, సున్నం వద్దు, పసరు వద్దు, కట్టు వద్దు. వెంటనే గవర్నమెంటు ఆసుపత్రికి వెళ్ళాలి. బొడ్డు చుట్టూ 14 సూదులనే భయం మన ఊళ్ళలో ఇంకా పోలేదు. ఆ మందు ఎప్పుడో పోయింది. ఇప్పుడు చేతికి, చర్మంలోపల వేస్తారు, 0, 3, 7, 28వ రోజుల్లో. గాయం లోతుగా ఉంటే దాని చుట్టూ, టీకా పనిచేయడం మొదలయ్యేలోగా కాపాడే ఇమ్యునోగ్లోబులిన్ మందు కూడా వేయించాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. ముందే వేయించుకుంటే రాదు. మధ్యలో ఒక సూది మానేసినా ప్రాణంతో ఆడుకున్నట్టే. ఆ పిల్లవాడి తల్లికి ఏడో రోజు సెలవు ఇవ్వలేదని తెలిసి ఇన్‌స్పెక్టర్ గారే తన బండి మీద తీసుకెళ్ళి వేయించారు. పిల్లవాడు బాగున్నాడు.

ఆ రాత్రి నాకు ఒకటే ఆలోచన. మూడు నెలల్లో కొన్ని వందల ఆపరేషన్లు చేశాం. రిజిస్టరు నిండింది. నేను కళ్ళారా చూసిన ఒక్క ఆడకుక్క, కరుస్తుందని నాకు ముందే తెలిసిన కుక్క, అక్కడే ఈనింది, అక్కడే కరిచింది.

ఊళ్ళో ఎన్ని కుక్కలున్నాయో మాకెవరికీ తెలియదు. టెండరులో రాసిన అంకె ఆఫీసులో కూర్చుని వేసిందే. డిగ్రీ కాలేజీ జువాలజీ మాస్టారిని అడిగితే పిల్లల్ని పంపిస్తానన్నారు. ఫిబ్రవరిలో ఒక శనివారం, ఆదివారం తెల్లవారుజామున ఐదున్నర నుంచి ఏడింటి దాకా, ట్రాఫిక్ మొదలవక ముందు, జంటలు జంటలుగా నాలుగు వార్డులు తిరిగాం. కనిపించిన ప్రతి కుక్కకూ ఒక గీత. ఆడదా, మగదా, పిల్లా. చెవి కోసి ఉందా, లేదా. రెండు రోజులూ అదే దారి, అదే సమయం. ఇంతకు మించి పరికరం అక్కర్లేదు. పిల్లలు ఎంత శ్రద్ధగా చేశారో! ఒకమ్మాయి తన కాగితం మీద ప్రతి గీత పక్కన కుక్క రంగు కూడా రాసుకుంది.

పెద్ద కుక్కల్లో చెవి కోసినవి మూడోవంతు. ఆడకుక్కల్లో అయితే ఐదింట ఒకటి కూడా లేదు. టీ కొట్లు, బస్టాండు దగ్గర దాదాపు అన్నిటికీ చెవులు కోసి ఉన్నాయి. కాలవ గట్టు, మార్కెట్ వెనక, చికెన్ షాపుల వ్యర్థాలు పారేసే ఖాళీ స్థలం దగ్గర ఒక్కటీ లేదు. ఒక ప్రాంతంలో కుక్కల్లో 70 శాతానికి రేబిస్ టీకా పడితే వాటి మధ్య ఆ జబ్బు గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏళ్ళుగా చెబుతోంది. ఊరంతా తలా కాస్త చిలకరిస్తే ఏ వీధిలోనూ ఆ 70 రాదు. మేం సరిగ్గా అదే చేశాం. ఆపరేషన్లు లెక్కపెట్టాం, బిల్లులు కట్టాం, వీధిని లెక్కపెట్టలేదు.

కాంట్రాక్టు మార్చి నెలాఖరుతో ముగుస్తోంది. ఈసారి షరతులు నేను రాసిస్తానని కమిషనర్ గారిని అడిగాను. ఆయన ఒప్పుకున్నారు, ఆ మాటకు ఆయనకు ఇప్పటికీ నమస్కారం పెడతాను. నేను రాసినవి కొన్నే. పని వార్డు లెక్కన ఇవ్వాలి, ఒక వార్డు పూర్తయ్యాకే రెండోదానికి వెళ్ళాలి. ప్రతి బిల్లులో కొంత భాగం ఆపి ఉంచాలి. తెల్లవారుజాము లెక్కలో ఆ వార్డు పెద్ద కుక్కల్లో పదికి ఏడు, ఆడవాటిలో పదికి ఎనిమిది చెవి కోసి కనిపించినప్పుడే ఆ భాగం ఇవ్వాలి. ఆ లెక్క ఏజెన్సీ చేయకూడదు, మేమే చేయాలి. పట్టేవాళ్ళకు నెల జీతం, ముందస్తు టీకా. చెవి కోసిన పాత కుక్కలకు ఏటా మళ్ళీ రేబిస్ టీకా, రంగు పూసి గుర్తు. వర్షాకాలం మొదలయ్యేసరికి పని మొదలవ్వాలి.

అకౌంట్స్ విభాగంతో మొదలైంది అసలు కష్టం. "యూనిట్ రేటు లేకుండా ఎం-బుక్‌లో ఎలా ఎక్కించాలి? ఆడిట్ వాళ్ళు అడిగితే ఎవరు చెప్పాలి?" ఎం-బుక్ అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకం. వాళ్ళ బాధ వాళ్ళది. రోడ్డు వేస్తే టేపు పెట్టి కొలుస్తారు, మరి వీధిలో కుక్కల చెవులు ఎలా కొలుస్తారు? కాలేజీ పిల్లల కాగితాలు పట్టుకెళ్ళి చూపించాను. ఇదే కొలత, ఇద్దరు వేర్వేరుగా చేసినా దగ్గరగా వస్తుంది, సంతకాలతో ఎం-బుక్‌కు జత చేయవచ్చని చెప్పాను. ఒప్పించేలోగా 2024 మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చేసింది. జూన్ 4న ఫలితాలు వచ్చేదాకా టెండరు మాటే లేదు. ఆ రెండున్నర నెలలూ నా కళ్ళ ముందు చిత్తకార్తె తప్ప ఏమీ లేదు. ఆ ఖాళీలో చేసిన మేలు ఒకటే, అకౌంట్స్ వారితో నాలుగుసార్లు కూర్చుని కుక్కకింత ధర ఉంచుతూనే, అందులో మూడోవంతు వార్డు లెక్క తేలాక ఇచ్చేలా భాష కుదుర్చుకున్నాం.

మొదటి పిలుపుకు ఎవరూ రాలేదు. రెండో పిలుపుకు వేరే సంస్థ ఒకటి వచ్చింది. ధర కిందటిసారి కంటే ఎక్కువ. కౌన్సిల్‌లో ఒక సభ్యుడు లేచి, "కుక్కలకు ఇంత డబ్బా, మా వార్డులో డ్రైను లేదు" అన్నారు. ఆయన మాటను తేలిగ్గా తీసుకోలేదు, ఆ వార్డులో నిజంగానే డ్రైను లేదు. కిందటేడు తక్కువ ధరకు కొన్నది ఏమిటో చెప్పాను. మార్కెట్ వీధి పిల్లవాడి కాలు గురించి చెప్పాను. తీర్మానం ప్యాసైంది. వర్క్ ఆర్డర్ ఆగస్టు రెండో వారంలో వచ్చింది. చిత్తకార్తెకు రెండు నెలలుంది.

మొదటి వార్డుగా చేపల మార్కెట్‌నే ఎంచుకున్నాం. కొత్త సంస్థ పట్టేవాళ్ళలో పాత పెద్దాయన కూడా ఉన్నాడు, జీతానికి చేరాడట. మూడు రోజులు వరసగా తెల్లవారుజామున నాలుగింటికే వచ్చి తూముకు ఒక చివర వల కట్టి, రెండో చివర కూర్చున్నాడు. వాన పడుతున్నా కదల్లేదు. మూడో రోజు ఉదయం నాకు ఫోన్ వచ్చింది. "పడిందమ్మా, మీ గోధుమది." ఆపరేషన్ నా కళ్ళ ముందే జరిగింది. గర్భసంచి మొత్తం వచ్చింది, రెండు అండాశయాలూ వచ్చాయి. కవరు మీద నంబరు నేనే రాశాను. ఐదో రోజు అదే తూము దగ్గర దింపారు. బండి తలుపు తీయగానే దూకి, ఒకసారి వెనక్కి చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

అన్నీ సవ్యంగా జరిగాయని చెప్పను. అక్టోబరులో కెన్నెళ్ళకు పార్వో అనే అంటురోగం వచ్చి ఆరు కుక్కలు చచ్చిపోయాయి, పది రోజులు పని ఆపి అంతా బ్లీచింగుతో కడిగించాం. చికెన్ వ్యర్థాలు ఎత్తే కాంట్రాక్టు ఇంకొకరిది, అది సరిగా జరగని వారం ఆ స్థలానికి కొత్త కుక్కలు వచ్చేవి. ఆ రెండు కాంట్రాక్టులూ ఒకే బల్ల మీద చూడాలని ఎన్నిసార్లు చెప్పినా నేనున్నప్పుడు కుదరలేదు. 2025లో నేను రిటైరయ్యాక సుప్రీంకోర్టు ఆదేశాలు వచ్చాయి. ఆగస్టు 22న ఒకటి, నవంబరు 7న స్కూళ్ళు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి కుక్కల్ని తరలించి తిరిగి అక్కడ వదలొద్దని ఇంకొకటి. అప్పటినుంచి పాత ఊరివాళ్ళు ఫోన్ చేసి, "ఇక ఆపరేషన్లెందుకండీ, అన్నిటినీ తీసేస్తారటగా" అంటున్నారు. స్కూలు లోపలి కుక్కకు షెడ్డు కావాలి, షెడ్డుకు కాపలా కావాలి, తిండి కావాలి, వాటికీ టెండరే పిలుస్తారు. స్కూలు గోడ బయట ఉన్న కుక్కకు ఆపరేషన్, టీకా ఎప్పటిలాగే కావాలి. ఆ షెడ్ల టెండర్లలో రోజుకు కుక్కకింత అని రాస్తే ఏం జరుగుతుందో నాకు ఇప్పుడే కనిపిస్తోంది. ఎన్ని బతికున్నాయో ఎవరు లెక్కపెడతారు, ఏ రోజు లెక్కపెడతారు అన్నది ముందే రాయించుకోమని వాళ్ళకు చెబుతున్నాను.

2025 జూన్ మూడో వారంలో, ఉద్యోగంలో నా చివరి తెల్లవారుజాము లెక్క చేపల మార్కెట్ వార్డులోనే పెట్టుకున్నాను. ఆ కాలేజీ అమ్మాయి కూడా వచ్చింది. 31 పెద్ద కుక్కలు కనిపించాయి. 24కి చెవి కోసి ఉంది. పిల్లలున్న తల్లి ఒక్కటీ కనిపించలేదు. మిగిలిన ఏడింటిలో ఐదు మగవి, రెండు ఆడవి. ఒకటి ఐసు ఫ్యాక్టరీ గోడ వెనక ఉంటుంది, తెల్లది, ఎడమ కన్ను లేదు. రెండోది వంతెన కింద పడవల దగ్గర, రాత్రి తొమ్మిది తర్వాతే బయటికొస్తుంది. ఈ రెండూ చిత్తకార్తె లోపల పడాలని రాసి, చోట్లు గీసి, కొత్తగా వచ్చిన డాక్టరుగారికి రిజిస్టరుతో పాటు ఇచ్చాను. సెప్టెంబరులో ఆయన ఫోన్ చేశారు. ఐసు ఫ్యాక్టరీది దొరికింది. వంతెన కిందదాని కోసం పెద్దాయన ఇంకా కాపు కాస్తున్నాడట.